బరువుకి ఒక మనిషి

నేనే ముందొచ్చాను. మూడున్నరకే వచ్చి, వ్యాను షెడ్డులో పెట్టి, దానికి బిగించాల్సిన లైట్ల డబ్బా విప్పి మెకానిక్ శాంతయ్య బల్ల మీద ఉంచి, ఇదిగో ఈ ఇనప కుర్చీలో కూర్చున్నాను. నాగేంద్ర వచ్చింది నాలుగింటికి. వాడి కారు ఆగీ ఆగగానే శాంతయ్య చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అటు నడిచాడు. "పెద్ద బండి కదా షావుకారు గారూ, రోడ్డుకి అడ్డంగా ఉంటది, ముందు అది పంపించేద్దాం" అన్నాడు. సరే కానియ్యి అన్నాను. అనక ఏం చేస్తాను, పన్నెండేళ్ళుగా అదే మాట అంటున్నాను, మా మరదలు శ్రీలలితని వాడు పెళ్ళి చేసుకుని నాకు తోడల్లుడైన రోజు నుంచీ. పెళ్ళిలో నా కుర్చీ జరిపి వాడి మేనమామకి వేశారు, సరే కానియ్యండి అన్నాను. మామగారింట్లో ఏసీ గది కొత్త అల్లుడికి ఇచ్చారు, సరే అన్నాను. పైకి సరే అంటూ ఉంటాను గానీ లోపల ఒక్కటీ మర్చిపోను, వరసగా పేర్చి పెట్టుకుంటాను. ఇది కుళ్ళే. దానికి ఇంకో మంచి పేరు పెట్టి నన్ను నేను మోసం చేసుకోను. నాగేంద్ర నా పక్కకొచ్చి నిలబడి "టీ చెప్పమంటారా అన్నయ్యా" అన్నాడు. ఇప్పుడే తాగానన్నాను. తాగలేదు.

వాడు చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో. ఒక్క మాట తూలడు, ఒక్క నాడు అన్నయ్యా అనకుండా మాట మొదలుపెట్టడు, నాకు జ్వరమొస్తే వాడే ముందు ఫోను చేస్తాడు, ఆ ఫోను చూసి నాకు జ్వరం ఇంకో డిగ్రీ పెరుగుతుంది. ఈ కారు కొన్నప్పుడు నెమలి ఊరికి తీసుకెళ్ళి వేణుగోపాలస్వామి గుడి దగ్గర పూజ చేయించాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్టు మీద కుంకుమ పెట్టారు, ముందు సీట్లో మా మామగారు రామలింగం గారు కండువా సర్దుకుని కూర్చున్నారు. ఆయన నా వ్యాను ఎక్కింది ఒక్కసారే, పత్తి మిల్లు నుంచి ఇంటికి, అదీ వాన వస్తుంటే గత్యంతరం లేక. దిగాక పంచె దులుపుకున్నారు. దుమ్మేమీ లేదు, నేను చూశాను, ఆ పొద్దున్నే సీటు తుడిపించాను కూడా. కొత్తొక వింత పాతొక రోత అన్న పెద్దలకి ఇద్దరల్లుళ్ళు ఉండి ఉంటారు. అత్తగారు కనకమ్మ గారు వాడి విస్తట్లో నాలుగో గారె వేస్తూ తిను బాబూ అంటారు, నా దగ్గరికి వచ్చేసరికి మురళికి నూనె పడదు కదా అని దాటిపోతారు. ఎప్పుడో పదేళ్ళ కిందట ఒక్కసారి అజీర్తి చేసిందని చెప్పిన పాపానికి ఇప్పటికీ ఆ ఇంట్లో నాకు రెండు గారెలే. గారెల గురించి ఇంత ఆలోచించే మగాడు తిరువూరులో ఇంకొకడు ఉంటాడా, ఉండడు, ఉన్నా బయటికి చెప్పడు.

ఆ ఇంట్లో నాకు మిగిలిన మర్యాద ఒక్కటే. తీగల సంగతి, కరెంటు సంగతి, మోటారు సంగతి వస్తే మాత్రం మామగారు అందరినీ ఆపి "మురళిని అడగండి" అంటారు. బస్టాండు దగ్గర నాది మోటార్ల కొట్టు. పొలం మోటార్లు, స్టార్టర్లు, కేబుల్ చుట్టలు, పైపులు. ఇరవై రెండేళ్ళుగా ఏ తీగ ఎంత లోడు మోస్తుందో చేత్తో పట్టుకుని చెప్పగలను. అందుకే లైట్లు కూడా ఊరికే కొనలేదు. కొట్టుకి పైపులు తెచ్చే లారీ డ్రైవర్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, టీ ఇప్పించి అడిగాను. జనవరిలో ఎ.కొండూరు దాటిన దగ్గర్నుంచి మైలవరం దాకా తెల్లారుజామున మంచు ఎలా దిగుతుందో వాళ్ళకే తెలుసు. అందరూ ఒక్కటే చెప్పారు, మంచులో తెల్లది పనికిరాదు, దూరం కొట్టేది అసలు పనికిరాదు, వెలుగు తిరిగొచ్చి మన కళ్ళలోనే పడుతుంది, పసుపుది పెట్టు, బంపరు కింద పెట్టు, వెడల్పుగా నేల మీద పడాలి. నలభై అడుగులు కనబడితే చాలు, రోడ్డు అంచున తెల్లగీత కనబడితే చాలు. నెల్లాళ్ళు తిరిగి ఈ రెండు పసుపు లైట్లు ఎంచుకున్నాను, విడిగా స్విచ్చు, విడిగా ఫ్యూజు. ఇదంతా రేపటి కోసం. రేపు పొద్దున మా అమ్మాయి స్నిగ్ధకి విజయవాడలో ఇంజినీరింగ్ ఎంట్రన్సు. ముందు రోజే వెళ్ళి లాడ్జిలో ఉందామంటే దానికి కొత్త చోట నిద్ర పట్టదు, కాబట్టి నాలుగున్నరకి ఇక్కడ బయల్దేరాలి, పక్కన కూర్చుని అది పాఠాలు అప్పజెప్పుకుంటూ ఉంటే నేను మెల్లగా, ఎక్కడా బ్రేకు గట్టిగా నొక్కకుండా, దాన్ని తీసుకెళ్ళి గేటు దగ్గర దింపాలి. ఎన్నిసార్లు అనుకున్నానో ఆ ప్రయాణం. ఎక్కడ ఆగి ఇడ్లీ తినాలో కూడా అనుకున్నాను.

ఆ మధ్యలో వాడి మెసేజి వచ్చింది. పదిహేను రోజులైంది, మధ్యాహ్నం భోంచేసి కొట్లో కునుకు తీస్తుంటే. రెండు ఫొటోలు, ఒకటి పసుపుది, ఒకటి తెల్లది. "అన్నయ్యా, మంచులోకి ఏది మంచిది? మీరు చెప్పిందే తీసుకుంటా." ఎంత సేపు చూశానో ఆ ఫోను. పసుపుది నేను కొన్నదాని కంటే మేలురకం, అది కూడా చూశాను. వాడి ఆ పెద్ద కారుకి ఆ మేలురకం లైట్లు పెట్టుకుని, సంక్రాంతి ముందు మంచులో మామగారిని ఎక్కించుకుని, అబ్బ నాగేంద్ర బండిలో దారి ఎంత బాగా కనబడుతుందో అని ఆయన అంటుంటే, నేను గారెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. తెల్లది తీసుకో అని కొట్టాను. అంతటితో ఊరుకోలేదు. అరకిలోమీటరు కొడుతుంది, మంచుని చీల్చుకుని పోతుంది అని కూడా కొట్టాను. ఆ చీల్చుకుని పోవడం నా సొంత కల్పన. వాడు దండం బొమ్మ పంపాడు. ఒట్టు, వాడికి ఏదో కావాలని కాదు. ఒక్కసారి వాడు తప్పు వస్తువు కొనాలి, ఒక్కసారి వాడి కారు మంచులో ముందుకి పోలేక పక్కకి ఆగి, నా వ్యాను దాన్ని దాటి పోవాలి, అప్పుడు మామగారు మురళిని అడగాల్సింది అనాలి. మురళినే అడిగాడన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నవాడికి ఇంకేం కనబడుతుంది.

శాంతయ్య కారు ముందు వెల్లకిలా పడుకుని బంపరుకి పైన పట్టీ బిగిస్తున్నాడు. రెండు తెల్ల లైట్లు, లోతుగా, గుండ్రంగా, నేను వద్దనుకున్నవి, కాదు, నేను కొనమన్నవి. పని బాగా చేస్తున్నాడు, నలుపు ఎరుపు తీగలు విడిగా తీశాడు, గొట్టంలోంచి లాగాడు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పు సామానులోనే ఉంది. నాగేంద్ర టార్చి పట్టుకుని వంగి నిలబడ్డాడు, వాడికి ఆ అవసరం లేదు, అయినా పట్టుకున్నాడు. అప్పుడే మా ఆవిడ నాగలత ఫోను.

"ఏవండీ, శాంతయ్య దగ్గరే ఉన్నారా?"

"ఇక్కడే. గంటలో అయిపోద్ది. పిల్లని తొందరగా పడుకోమను."

"అదే చెప్దామని. అది రేపు బాబాయి కారులో వెళ్తానంటోంది. నేనూ శ్రీలలితా కూడా వెళ్తాం, దాని ఫ్రెండు సౌజన్య కూడా వస్తుందట. మన వ్యానులో ఇద్దరికి తప్ప చోటెక్కడిది?"

"మరి నేను?"

"మీకు కొట్టుంది కదండీ. మీరేం అనుకోకండి. మీరు పక్కనుంటే మీ కంగారు చూసి దానికి కంగారొస్తుందట. అది వాళ్ళ బాబాయికి ఎప్పుడో చెప్పిందట, మీకు చెప్పడానికే భయపడింది."

ఏమీ అనుకోనని ఫోను పెట్టేశాను. ఏం అనుకోవాలి. పిల్ల కూడా పోయింది. మామగారు పోయారు, అత్తగారు పోయారు, ఏసీ గది పోయింది, ఇప్పుడు నా కూతురు కూడా ఆ పెద్ద కారులో కిటికీ పక్కన కూర్చుని బాబాయ్ బాబాయ్ అంటుంది. నాకు కంగారట. ఉంటుంది, నాకు కాకపోతే ఎవరికుంటుంది కంగారు, నర్సరీలో దాన్ని దింపి గేటు బయట అరగంట నిలబడింది నేను, స్కూటరు ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పింది నేను, తొమ్మిదో తరగతిలో కళ్ళజోడు వచ్చిందని రాత్రి ముసుగులో ఏడ్చింది నేను. వాడు చేసిందేమిటి, నవ్వుతాడు, పాటలు పెడతాడు. ఇలా ఎంతసేపు మండిపోయానో, ఒక నిమిషమో ఐదు నిమిషాలో, అప్పటికి గానీ రెండో సంగతి బుర్రకి ఎక్కలేదు. శాంతయ్య నట్టు బిగిస్తున్న ఆ తెల్ల లైట్ల వెనక రేపు తెల్లారుజామున కూర్చునేది స్నిగ్ధ.

మంచు ఉండకపోవచ్చు. నిన్న ఉంది. మొన్న ఉంది. కిందటి సంవత్సరం ఇదే నెలలో మైలవరం నుంచి ఒక్కడినే వస్తూ పెద్ద లైటు వేసి చూశాను, కళ్ళ ముందు సున్నం కొట్టిన గోడ లేచింది, బానెట్టు కూడా కనబడలేదు, కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు అంచు చూసుకుంటూ నడక కంటే మెల్లగా వచ్చాను, ఒక కల్వర్టు గోడకి మూరెడు దూరంలో ఆగాను. అది మామూలు లైటుతో. ఇవి దానికి నాలుగింతలు. ఇవి వేయొద్దు, ఆపేసుకో అని వాడికి చెప్పొచ్చు, ఎందుకు అంటాడు. బస్సులో వెళ్ళండి అని నాగలతకి చెప్పొచ్చు, మీ ఓర్వలేనితనం మాకు తెలుసు లెండి అంటుంది, నిజమే కూడా. శాంతయ్యే చెప్పినట్టు చెప్పించొచ్చు, అతను మొహమాటం లేకుండా, మరి మొన్న షావుకారు గారే తెల్లవి చెప్పారని నాగేంద్ర బాబు అన్నాడే అంటాడు. నిజం చెప్పొచ్చు. చెబితే రాత్రికల్లా మామగారింట్లో తెలుస్తుంది, ఇక జన్మలో ఎవరూ మురళిని అడగండి అనరు, అనకపోతే ఆ ఇంట్లో నేను ఎవరిని. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేను తీసిన గోతిలోకి నా పిల్ల నడుస్తోంది, నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని ఏ మాట అంటే పరువు దక్కుతుందా అని వెతుక్కుంటున్నాను.

"షావుకారు గారూ, మీరు కూడా కాస్త రావాలి" అన్నాడు శాంతయ్య. శాంతయ్య దగ్గర ఒక పద్ధతి ఉంది, లైటు బిగించి ఊరుకోడు. బండి ఎంతమందితో నడుస్తుందో అంత బరువు ఎక్కించి, షెడ్డు వెనక గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, వెలుగు ఆ గీత దాటకుండా మర తిప్పుతాడు. ఖాళీ బండికి చూసి బిగిస్తే మనుషులు ఎక్కగానే వెనక కుంగి ముందు లేస్తుంది, వెలుగు చెట్ల మీద పడుతుందంటాడు. అందుకని దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి కూర్చోబెడతాడు. రేపు ఎంతమంది అని నాగేంద్రని అడిగాడు, తనతో కలిపి ఐదుగురన్నాడు వాడు. ముందు సీట్లో ఒక ఎరువు బస్తా పెట్టారు, వెనక ఒక బస్తా, టీ తాగుతున్న నవీన్ కుమార్ అనే డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. "ఇంకొక్కరు కావాలి. పిల్ల ఎక్కడ కూర్చుంటది బాబూ?" "ఎడం పక్క కిటికీ దగ్గర. దాని చోటు అదే." "అయితే షావుకారు గారూ, మీరు అక్కడ కూర్చోండి. పిల్ల కంటే బరువే గానీ, పర్లేదు."

ఎక్కాను. పన్నెండేళ్ళలో వాడి కారు ఎక్కకుండా వంద సాకులు చెప్పి తప్పించుకున్నవాడిని, బస్తాకి జోడుగా ఎక్కాను. మెత్తటి సీటు, ఆ మెత్తదనం కూడా నచ్చలేదు. ఎదురుగా ముందు సీటు వీపు మీద చిన్న చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి, స్నిగ్ధ రాత, లెక్కల సూత్రాలు. ట్యూషన్ నుంచి వస్తూ చదువుకుంటుందన్నమాట, ఎన్నాళ్ళ నుంచో, అతికించిన టేపు అంచులు మాసిపోయాయి. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. శాంతయ్య షెడ్డు తలుపు దించాడు, చీకటైంది, నాగేంద్ర స్టీరింగు ముందు కూర్చుని స్విచ్చు వేశాడు.

గోడ మీద రెండు తెల్ల గుండ్రాలు పడ్డాయి. అబ్బో పగలే అన్నాడు నవీన్ కుమార్. శాంతయ్య మర తిప్పుతూ గీత కిందికి దించుతుంటే, పక్కన రిబ్కమ్మ టీ కొట్లో పచ్చికట్టె పెట్టినట్టున్నారు, తలుపు కింద నుంచి పొగ లోపలికి వచ్చింది. పెద్ద పొగ కూడా కాదు, కన్ను మండేంత కూడా కాదు. అయినా వెలుగు దానికి తగిలీ తగలగానే అద్దం ముందు తెల్లటి దుప్పటి కట్టినట్టయింది, సుద్దగీత పోయింది, గోడ పోయింది, గోడ ముందున్న శాంతయ్య పోయాడు. నేను ముందు సీటు పట్టుకున్నాను. పొగ పోనీ, తర్వాత చూద్దాం అంది శాంతయ్య గొంతు. నాగేంద్ర వెనక్కి తిరగకుండానే, ఊసుపోకకి అన్నట్టు మొదలుపెట్టాడు.

"నేను పసుపువే తీసుకుందామనుకున్నానన్నయ్యా. మంచులోకి అవే మేలని ఎవరో చెప్పారు. కానీ ఆర్డరు పెట్టింది స్నిగ్ధ. పసుపు అనబోతే నా చేతిలోంచి ఫోను లాక్కుంది. నాన్న తెల్లవి చెప్పాడు కదా బాబాయ్, కరెంటు సంగతి నాన్న కంటే నీకెక్కువ తెలుసా అంది. ఇంక నేనేం మాట్లాడతాను? మీ మాటంటే దానికి వేదం."

పొగలో ఏమీ కనబడటం లేదు. ఆ తెలుపు చూస్తూ కూర్చున్నాను. పిల్ల నా మాట నమ్మి, వాడి మాట తోసేసి, తన వేలితోనే నొక్కి తెప్పించుకుంది. వాడి కారు ఎక్కుతున్నా నా మాటే పట్టుకుని ఎక్కుతోంది. పన్నెండేళ్ళుగా ఎవరు నన్ను వాడి కంటే ముందు పెడతారా అని చూశాను, పెట్టింది, ఇదిగో ఇక్కడ పెట్టింది.

"శాంతయ్యా, అవి తీసెయ్యి. బల్ల మీద నా డబ్బా ఉంది, పసుపువి. అవి బిగించు. బంపరు కింద."

"మరి మీ వ్యానుకి అన్నయ్యా?"

"రేపు నాకేం ప్రయాణం లేదు."

వాడు వెనక్కి తిరిగాడు. మొహం వెలిగిపోయింది, నిజంగానే. "మీరు మీరేనన్నయ్యా. ఈ మాట అత్తయ్యకి చెప్పి తీరాలి" అని అప్పుడే ఫోను తీసి నొక్కేశాడు. అవతల మోగుతోంది. ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని సీట్లో కూర్చుంటే చాలు, రేపటి నుంచి మురళి ఎంత మంచివాడో ఆ ఇంట్లో చెప్పుకుంటారు, తన బండికి కొనుక్కున్నవి తీసి ఇచ్చాడట అంటారు, మామగారు పంచె దులుపుకోకుండా నా వ్యాను దిగుతారు. పిల్లకి లైట్లు ఎలాగూ మారుతున్నాయి. ఇంకేం కావాలి. కానీ వాడి నోట ఆ పొగడ్త వినడం నా వల్ల కాలేదు, అది మంచితనమో, వాడి దగ్గర దానం పట్టలేని పొగరో, ఇప్పటికీ తేల్చుకోలేను.

"ఫోను పెట్టెయ్యి నాగేంద్రా. నేను తెలిసే తెల్లవి చెప్పాను."

"తెలిసే అంటే?"

"మంచులో పనికిరావని తెలిసే."

ఫోనులో అత్తగారి గొంతు హలో, హలో, ఎవరూ, నాగేంద్రా అంటోంది. వాడు దాన్ని చెవికి ఆనించుకున్నాడు. "ఏం లేదత్తయ్యా, చెయ్యి తగిలింది. మళ్ళీ చేస్తా" అని ఆపేశాడు. నవీన్ కుమార్ టీ గ్లాసు ఇచ్చొస్తానని దిగిపోయాడు. శాంతయ్య బంపరు కిందికి దూరాడు, విప్పినట్టు చప్పుడైతే అవుతోంది గానీ విప్పుతున్నాడో వింటున్నాడో తెలియదు. నాగేంద్ర లైట్ల స్విచ్చు ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఏమీ లేని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎందుకు అని అడుగుతాడని చూశాను. అడిగితే గారెల దగ్గర్నుంచి చెప్పేవాణ్ణేమో. అడగలేదు.

గోడ వైపు చూస్తూనే అన్నాడు. "స్నిగ్ధకి మాత్రం చెప్పకండి. శాంతయ్య మార్చమన్నాడని నేను చెప్తాలే. రేపనే కాదు, ఎప్పటికీ చెప్పకండి."

అన్నయ్యా అనలేదు. మొదటిసారి.

నేను దిగబోయాను. కింద నుంచి శాంతయ్య "దిగకండి షావుకారు గారూ, ఇవి బిగించాక మళ్ళీ గీత చూడాలి" అన్నాడు. తలుపు మీద చెయ్యి తీసి మళ్ళీ కూర్చున్నాను, ఆ కాగితాల ఎదురుగా. నా కూతురికి నా మీదున్న నమ్మకం పాడవకూడదని వాడికి తోచింది. నన్ను చీదరించుకోవాల్సిన నిమిషంలో వాడికి ముందు అదే తోచింది. కన్నవాణ్ణి, అది నాకు తోచాల్సింది, తోచలేదు, నేను ఒప్పుకుని నా బరువు దింపుకోవడమే చూసుకున్నాను. దానికి సిగ్గుపడాలి. సిగ్గు కూడా వచ్చింది, రాలేదనను. కానీ దానికంటే ముందు, వాడు నాకంటే ముందు ఆ మాట అన్నందుకు, నాకు కుళ్ళే వచ్చింది.